శోధనము – ప్రతివచనము : మిల్టను లఘుకావ్యమున లేఖనార్థ నిర్ణయము

శోధనను జయించుటకు సాధనములుగా క్రైస్తవ వాఙ్మయమున రెండింటిని చెప్పుట పరిపాటి. ఒకటి విశ్వాసము, రెండవది లేఖనము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు విశ్వాసమును డాలుతోడను, దేవుని వాక్యమును ఖడ్గముతోడను పోల్చినాడు. ఈ రూపకము మిక్కిలి ప్రచారము నొందుటచేత, శోధన కలిగినపుడు దానికి తగిన లేఖనమొకటి పఠించినచో శత్రువు తొలగిపోవునను తలంపు పలువురియందు నాటుకొన్నది. లేఖనమునకు మంత్రమునకువలె ఉచ్చారణమాత్రముననే శక్తి కలదనుట ఈ తలంపులోని సారము. దీనికి ప్రమాణముగా చూపబడునది యేసు అరణ్యమున నలువది దినములుపవసించిన పిదప జరిగిన శోధనల కథ. ఆయన మూడు శోధనలకును మూడు లేఖనములతోనే బదులు చెప్పెనుగదా యని వాదము.

కాని ఆ కథనే శ్రద్ధతో పఠించినచో ఈ వాదము నిలువదు. అందు లేఖనము నుదాహరించినవాడు యేసు ఒక్కడే కాడు, అపవాదియు నుదాహరించెను. ఇరువురును ఒకే గ్రంథమునుండి వాక్యములు తెచ్చిరి. ఇరువురి వాక్యములును సత్యములే. ఒకే ఖడ్గము ఇరువురి చేతులందును ఉన్నప్పుడు ఒకనికి జయమును, ఒకనికి అపజయమును కలుగుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు సమాధానము లేఖనమును పఠించుటయందు గాక దాని యర్థమును నిర్ణయించుటయందు గలదని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది. సువార్తలు సంగ్రహముగా సూచించిన ఈ విషయమును పదునేడవ శతాబ్దపు ఆంగ్లకవి జాన్ మిల్టను 1671లో ప్రకటించిన ‘ప్యారడైస్ రీగెయిన్డ్’ అను లఘుకావ్యమున విపులీకరించినాడు. ఆ కావ్యమును ఈ దృష్టితో పరిశీలించి, పిదప మనుచరిత్రలోని వరూధినీప్రవరుల సంవాదముతో ఒక్క అంశమున పోల్చి చూతము.

ముందుగా శోధన శబ్దమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంస్కృతమున ఇది శుధ్ ధాతుజన్యము. శుద్ధి చేయుట దీని ముఖ్యార్థము. వైద్యశాస్త్రమున దేహదోషములను తొలగించుట శోధనము. రసశాస్త్రమున లోహముల మలినమును పోగొట్టుట శోధనము. తెలుగున వెదకుట, పరీక్షించుట అను అర్థములు దీనికి ప్రధానములైనవి. బైబిలును తెనిగించినవారు గ్రీకుమూలములోని ‘పెయిరాస్మోస్’ శబ్దమునకు శోధన యనియే వ్రాసిరి. గ్రీకు శబ్దమునకు పరీక్ష, ప్రలోభము అను రెండర్థములును గలవు. ప్రలోభమని తెనిగించియుండిన మొదటి యర్థము జారిపోయెడిది. పరీక్ష యని యుండిన రెండవది జారిపోయెడిది. శోధన శబ్దమున రెండును నిలిచినవి. మీదుమిక్కిలి శుద్ధి యను మూడవ ఛాయయు చేరినది. ప్రలోభపెట్టువానికి తెలుగు సువార్తలో శోధకుడను పేరున్నది. దేవుడు అబ్రాహామును పరీక్షించిన ఘట్టమున తెలుగు పాఠము ‘పరిశోధించు’ అను క్రియనే వాడినది. పరిశోధకులమని చెప్పుకొను మనకు ఇది కొంత యోచింపదగిన సంగతి.

అపవాది యను శబ్దమును ఇట్టిదే. గ్రీకున ‘డియాబొలోస్’ అనగా లేని నింద మోపువాడు. మాటలచేత చెరుపుచేయువాడని భావము. అరణ్యమున అతడు వచ్చినది కేవలము మాటలతోడనే. ఆ కథలో బలప్రయోగము లేదు, మాయాయుద్ధము లేదు. ఉన్నదంతయు సంవాదము.

ఆ సంవాదము మత్తయి, లూకా సువార్తలయందు గలదు. మార్కు రెండు వాక్యములతో ముగించి సంవాదమును చెప్పలేదు. మత్తయి క్రమమున రాళ్లను రొట్టెలు చేయుమనుట మొదటిది, ఆలయశిఖరమునుండి దుముకుమనుట రెండవది, లోకరాజ్యములను చూపుట మూడవది. లూకా కడపటి రెండింటిని తారుమారు చేసి శిఖరముతో ముగించెను. మిల్టను లూకా క్రమమునే గ్రహించినాడు. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

యేసు చెప్పిన మూడు ప్రతివచనములును ద్వితీయోపదేశకాండమునుండి వచ్చినవి. మనుష్యుడు రొట్టెవలననే జీవింపడనునది ఎనిమిదవ అధ్యాయములోనిది. దేవుని శోధింపరాదనునది, ఆయననే సేవింపవలెననునది ఆరవ అధ్యాయములోనివి. మూడును ఒకే ప్రకరణమునకు చేరినవి. ఆ ప్రకరణమున మోషే ఇశ్రాయేలీయులకు వారి నలువదియేండ్ల అరణ్యవాసమును జ్ఞాపకము చేయుచున్నాడు. రొట్టెను గూర్చిన వాక్యమునకు వెంటనే పూర్వమున్న వాక్యము, దేవుడు వారిని అరణ్యమున త్రిప్పినది వారి హృదయమును శోధించి తెలిసికొనుటకేయని చెప్పుచున్నది. శోధింపరాదను వాక్యమున మస్సా యను స్థలమునకు ప్రస్తావన గలదు. హెబ్రీభాషలో ఆ పేరునకే శోధన యని యర్థము. నీరు లేనిచోట ఇశ్రాయేలీయులు, దేవుడు మా నడుమ నున్నాడా లేడా యని సందేహించి ఋజువు కోరిన తావది.

కావున యేసు తెచ్చినవి గ్రంథమున అక్కడక్కడ ఏరిన ముక్కలు కావు. నలువది దినములు అరణ్యమున ఆకలిగొన్నవాడు, నలువదియేండ్లు అరణ్యమున ఆకలిగొన్న జాతి కథను తనకు అన్వయించుకొని చదువుచున్నాడు. వారు జారిన మూడు తావులను ఆయన యెరుగును. ఆహారమునకై సణగుట, ఋజువు కోరుట, అన్యమును పూజించుట అనునవి ఆ తావులు. అట్టి ఎరుకయే ఆయన ప్రతివచనములకు బలము.

అపవాది తెచ్చిన వాక్యము తొంబదియొకటవ కీర్తనలోనిది. దూతలు నిన్ను చేతులతో ఎత్తి పట్టుకొందురు, పాదమునకు రాయి తగులదు అని దాని భావము. మూలకీర్తనలో, నీ మార్గములన్నిటియందును నిన్ను కాపాడుటకు అను విశేషణము గలదు. మత్తయి సువార్తలో అపవాది ఆ భాగమును సంపూర్ణముగా విడిచినాడు. లూకాలో కాపాడుటకు అనునంతవరకు చెప్పి మార్గములను మాట విడిచినాడు. ఆలయశిఖరమునుండి దుముకుట ఎవని మార్గమును కాదు గనుక ఆ పదము అతనికి ప్రతికూలము. అంతేకాదు, అతడు ఆపిన చోటికి తరువాతి వాక్యము సింహమును, సర్పమును కాలితో త్రొక్కుదువని చెప్పుచున్నది. సర్పమనగా ఎవరో అపవాది యెరుగును! ఈ లోపములను ప్రాచీన క్రైస్తవ వ్యాఖ్యాతలే గుర్తించియున్నారు.

మన శాస్త్రకారులు గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అని ఆరు లింగములను చెప్పిరి. ఆ కీర్తనకు మొదటి రెండు లింగములను అన్వయించి చూచినను చాలును. ఉపక్రమమున మహోన్నతుని చాటున నివసించువాని ప్రస్తావన గలదు. ఉపసంహారమున, అతడు నన్ను ప్రేమించెను గనుక శ్రమలో అతనికి తోడైయుందునని దేవుని వచనము గలదు. మధ్యమున ఆశ్రయము, కోట, దుర్గము అను భావమే మరల మరల అభ్యస్తమైనది. చాటున నివసించుటయే కీర్తన తాత్పర్యము. వచ్చిన ఆపదయందు రక్షణ చెప్పబడినదేగాని ఆపదను కొనితెచ్చుకొమ్మని చెప్పబడలేదు. వాగ్దానమును నమ్మినవాడు దానిని పరీక్షింపబూనడు; పరీక్షింపబూనినవాడు నమ్మలేదన్నమాట. యేసు మస్సా వాక్యముతో చెప్పిన బదులు యొక్క ఆంతర్యమిదియే. అది కీర్తనకు విరోధియైన మరియొక వాక్యము కాదు, కీర్తనకు వ్యాఖ్యానము.

ఇక మిల్టను కావ్యమునకు వత్తము. అతడు 1652 నాటికే అంధుడు. తాను సేవించిన ప్రజాప్రభుత్వము కూలి 1660లో రాచరికము తిరిగి నెలకొనగా కొలదికాలము కారాగృహమున నుండెను. 1667లో పది కాండములుగా వెలువడిన ‘ప్యారడైస్ లాస్ట్’ వ్రాతప్రతిని చదివిన థామస్ ఎల్‌వుడ్ అను యువమిత్రుడు, పోయిన స్వర్గమును గూర్చి చెప్పితివి, లభించిన స్వర్గమును గూర్చి ఏమి చెప్పెదవని అడుగుట రెండవ కావ్యమునకు ప్రేరణమైనదని ఆ మిత్రుడే తన చరిత్రమున వ్రాసికొన్నాడు. స్వర్గము తిరిగి లభించుటకు సిలువమరణమును గాక శోధనఘట్టమును మిల్టను వస్తువుగా గ్రహించుట ఆనాటినుండియు పాఠకులకు ఆశ్చర్యము గొల్పుచున్నది. ఆదాము పతనము ఒక మాటను నమ్ముటచే జరిగినది గనుక, దాని ప్రతిక్రియయు ఒక మాటను నిరాకరించుటచేతనే జరుగవలెనని కవి యాశయము కావచ్చును.

కావ్యము నాలుగు కాండములు, రెండువేల పైచిలుకు పంక్తులు. యోబు గ్రంథము లఘుకావ్యమునకు మాదిరియని మిల్టను 1642లోనే వ్రాసియున్నాడు. ఆ గ్రంథమును శోధనకథయే. మాటలకు మాటలు చెప్పుటయే అందును ప్రధానవ్యాపారము.

మిల్టను నాయకుడు అరణ్యమునకు వచ్చునప్పటికే అధ్యయనము చేసినవాడు. మొదటి కాండములోని స్వగతమున ఆయన తన బాల్యమును స్మరించును. పండ్రెండేండ్ల ప్రాయమునకు ముందే ధర్మశాస్త్రమును మధురముగా తలచి చదువుట, ఆలయమున బోధకులతో ప్రసంగించుట, తల్లి తన జన్మరహస్యమును చెప్పగా ధర్మశాస్త్రమును, ప్రవక్తలను మరల తిరుగవేసి తన్ను గూర్చి ఏమి వ్రాయబడినదో వెదకుట అను సంగతులు అందు వచ్చును. ఈ పునఃపఠనము సువార్తలలో లేదు, మిల్టను కల్పన. శోధన వచ్చిన క్షణమున వాక్యము స్ఫురించుటకు పూర్వము దీర్ఘాధ్యయనము ఉండవలెనని కవి భావించుటచేతనే ఈ కల్పన అవసరమైనది.

రెండవ కాండమున శోధకుడు విందు నమర్చును. అంతకుముందు దయ్యముల సభలో బెలియాలు స్త్రీసౌందర్యమును ప్రయోగింపుమని సలహా యిచ్చును. శోధకుడు దానిని తిరస్కరించును. ఇట్టి మహాపురుషునికి అంతకన్న గంభీరమైన ఎర కావలయునని అతని వాదము. విందునెడ అతడు ధర్మశాస్త్రమునే ముందుంచుకొని మాటలాడును. శాస్త్రము అశుచియని చెప్పినవి గాని, విగ్రహములకు నివేదించినవి గాని, దానియేలు నిరాకరించిన వంటివి గాని ఇందు లేవని సూచించి, వీనిని ముట్టుటకు నిషేధమే లేదని పలుకును. కాని ఆ విందును వర్ణించుచు కవి గుల్లగల జలచరములను కూడ పేర్కొన్నాడు. పొలుసులు, రెక్కలు లేని జలచరములను లేవీయకాండము నిషేధించినది. శాస్త్రసమ్మతమని చెప్పబడిన భోజనమున శాస్త్రనిషిద్ధము చేరియున్నదన్నమాట. దీనిని కవి యెత్తి చూపడు, నాయకుడును వాదించడు. లేఖనము తెలిసిన పాఠకుడే పట్టుకొనవలెను. పాఠకుని కూడ కవి శోధనలో నిలిపినాడనుటకు ఇది నిదర్శనము. నాయకుడు పదార్థముల పట్టికలోనికి దిగక, ఇచ్చువాడెవడు, ఏల యిచ్చుచున్నాడు అని విచారించి, అవి దానములు కావు, వంచనలని త్రోసివేయును.

మూడవ కాండములోని శోధన ఇంకను సూక్ష్మమైనది. దావీదు సింహాసనము నీకు వాగ్దానము చేయబడినది, ప్రవచనములు అట్లే చెప్పుచున్నవి, నీ జాతి రోముకు దాస్యము చేయుచున్నది, ఉపేక్ష ఏల? పార్థియా సైన్యము నాశ్రయింపుమని శోధకుడు పురికొల్పును. ఇందు అధర్మమైనది పైకి కానరాదు. ప్రవచనము సత్యము, లక్ష్యము న్యాయము, జాతిపై మమత స్తుత్యము. నాయకుని ప్రతివచనము కాలమును గూర్చినది. ప్రతిదానికిని సమయము కలదను ప్రసంగి వాక్యము నాధారము చేసికొని, వాగ్దానము చేసినవానికే దాని కాలనిర్ణయము విడుచును. దేశమునకై పోరాడి ఓడిన వృద్ధకవి, సత్కార్యమును తొందరపడి సాధింపబూనుట కూడ శోధనయే యని చెప్పుట ఈ కావ్యమున మిక్కిలి బాధామయమైన ఘట్టమని నా యభిప్రాయము.

నాలుగవ కాండమున రోమును చూపిన పిదప శోధకుడు ఏథెన్సును చూపును. సాహిత్యోపాధ్యాయులమైన మనకు ఇక్కడ చిక్కున్నది. గ్రీకు తత్త్వము, కవిత్వము, వక్తృత్వము సమస్తమును నాయకుడు తేలికచేసి, హెబ్రీకీర్తనలును ప్రవక్తలును వానికన్న శ్రేష్ఠములనును. గ్రీకువాఙ్మయమును ప్రాణప్రదముగా చదివిన మిల్టను ఇట్లు పలికించుట విద్యాద్రోహమని విమర్శకులనేకులు నొచ్చుకొన్నారు. ఆ నొప్పిలో న్యాయము లేకపోలేదు. నాయకుని పలుకులయందు కాఠిన్యము స్పష్టము. ఐనను రెండు సంగతులు గమనింపవలెను. ఈ కావ్యముతోపాటు ఒకే సంపుటమున ప్రకటింపబడిన ‘శాంసన్ ఆగనిస్టీస్’ గ్రీకు విషాదనాటక పద్ధతిని వ్రాయబడినది. దాని పీఠికయందు అరిస్టాటిలును కవి యాదరముతో స్మరించినాడు. కావున కవి ఏథెన్సును విడువలేదు. శోధకుని చేతినుండి దానిని గ్రహించుట మాత్రమే నాయకుడు నిరాకరించినది.

రెండవ సంగతి ఇంతకన్న ముఖ్యము. ఆ ప్రసంగమున నాయకుడు చదువును గూర్చి ఒక మాట యనును. చదువబడు గ్రంథమునకు సమానమైన లేక మించిన వివేకము చదువరికి లేనిచో, ఎంత చదివినను అతడు గ్రంథములయందు లోతు, తనయందు లోతు లేనివాడై మిగులునని దాని భావము. ఇది గ్రీకుగ్రంథములను గూర్చి చెప్పబడినను, ఏ గ్రంథమునకు వర్తింపదు? శోధకుడు కీర్తనలు చదివినవాడే; వివేకము లేని పఠనమునకు అతడే పరమోదాహరణము. మిల్టనుకు ఇది అనుభవవిషయము. వివాహవిచ్ఛేదమును గూర్చి 1643లో అతడు వ్రాసిన గ్రంథమును, అక్షరమాత్రమును పట్టుకొని ప్రత్యర్థులు నిందించిరి. 1645 నాటి ‘టెట్రాకోర్డన్’లో నాలుగు లేఖనములకు ప్రకరణసహితముగా వ్యాఖ్యానము వ్రాసి అతడు తన పక్షమును సమర్థించుకొనెను. అతడే లేఖనమును వక్రించుచున్నాడని వారు, వారే వక్రించుచున్నారని అతడు. లేఖనము చేతనుండుట ఎంత స్వల్పరక్షణమో ఆ వివాదమున అతడు నేర్చినాడు.

చివరి శోధన ఆలయశిఖరముపై జరుగును. మిల్టను లూకా క్రమమును గ్రహించినందులకు ఫలమిచట కానవచ్చును. శోధకుడు లేఖనమును స్పష్టముగా ఉదాహరించునది ఇచటనే గనుక కావ్యమంతయు దీనివైపు నడచినది. శిఖరాగ్రమున నిలువుము, నిలువలేకున్న దుముకుము, దూతలెత్తికొందురని వ్రాయబడియున్నది అని అతడు పరిహసించును. మార్గములను పదమును ఇక్కడను విడిచినాడు. నాయకుడు దేవుని శోధింపరాదను వాక్యము మాత్రము చెప్పి నిలిచియుండును. శోధకుడు విస్మయాహతుడై పడిపోవును. ఈ పతనమునకు కవి రెండు గ్రీకు ఉపమానములను తెచ్చినాడు. ఒకటి హెర్క్యులీసుచే చచ్చిన ఆంటియస్ కథ. రెండవది, తన పొడుపుకథను ఈడిపస్ విప్పగా కొండపైనుండి పడి చచ్చిన స్ఫింక్సు కథ. ఏథెన్సును నిరాకరించిన కాండముననే ఏథెన్సు కథలతో విజయమును వర్ణించుట పై విమర్శకు కవి యిచ్చిన సమాధానముగా గ్రహింపవచ్చును. రెండవ ఉపమానము మన ప్రతిపాదనకు మరింత సహకారి: శోధకుని ఓటమి చిక్కుమాట విడిపోయినవాని ఓటమివంటిదని కవియే చెప్పుచున్నాడుగదా! పిదప దూతలు ఆహారము తెత్తురు. నాయకుడు ఎవరి కంటను పడక తల్లి యింటికి తిరిగి వెళ్లును. జయఘోష లేదు.

ఈ కావ్యము నీరసమనియు, నాయకుడు చలించనివాడు గనుక శోధనకు విలువ లేదనియు ఒక ఆక్షేపణ చిరకాలముగా నున్నది. పడుటకు వీలులేనివాడు నిలుచుటలో గొప్ప ఏమి యని దాని సారము. ఏ శోధన ఎటు తిరుగునో మన మూహింపగలిగినపుడు కథోత్కంఠ తగ్గుట నిజము. కాని ఉత్కంఠ ఇక్కడ ఫలితమును గూర్చినది కాదు. ఈ మాటలో దోషమెక్కడ నున్నది, దానిని నాయకుడెట్లు విప్పును అని చదువరి తానును వెదకుచుండుటయే ఇందలి రసస్థానము. 1644 నాటి ‘ఏరియోపజిటికా’లో మిల్టను, ప్రత్యర్థిని ఎదుర్కొనక దాగియుండు సుగుణమును తాను మెచ్చననియు, మనలను శుద్ధిచేయునది శోధనయే యనియు వాదించెను. తెలుగు శోధన శబ్దములోని రెండర్థములును ఆ వాదమున కలిసియుండుట విశేషము.

బెలియాలు చెప్పిన మార్గమును మిల్టను శోధకుడు త్రోసివేసెను. తెలుగు కావ్యములలో ప్రసిద్ధమైన ప్రలోభఘట్టము సరిగా ఆ మార్గముననే నడచినది. ఐనను అల్లసాని పెద్దన వరూధినికి సౌందర్యము నొక్కటినే ఆయుధముగా నీయలేదు. శాస్త్రమును గూడ నిచ్చినాడు. యజ్ఞములకు ఫలము స్వర్గభోగమేయైనపుడు ఎదుట నున్న భోగమును కాదనుట ఏల యని ఆమె వాదించును. ఇంద్రియవశుడైన బ్రాహ్మణుడు బ్రహ్మానందపదవినుండి జారునని ప్రవరుని నిశ్చయము. వరూధిని ఆ ఆనందశబ్దమునే గ్రహించి, ఆనందమే బ్రహ్మమని తైత్తిరీయము చెప్పలేదా యని మనసు లగ్నమైన సుఖమునకు దానిని ప్రమాణము చేయును.

తైత్తిరీయమున ఆ వాక్యమునకు స్థానమేది? భృగువల్లిలో భృగువు తండ్రియైన వరుణుని బ్రహ్మమును గూర్చి యడుగును. తపస్సుచేత తెలిసికొమ్మని తండ్రి చెప్పును. భృగువు తపించి మొదట అన్నమును, పిదప ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును బ్రహ్మమని గ్రహించి, ప్రతిమారును తృప్తి నొందక తిరిగివచ్చి, ప్రతిమారును తపస్సునకే పంపబడి, తుదకు ఆనందము బ్రహ్మమని తెలిసికొనును. తపస్సను సోపానమును విడిచి తుదిమెట్టు నొక్కటినే చూపుట వరూధిని వాదములోని నేర్పు. అపవాది మార్గములను పదమును విడిచినట్లే ఈమె తపఃపదమును విడిచినది. పెద్దనకు ఉపనిషత్సందర్భము తెలియదనుకొనరాదు. తెలిసియే ఆమెచేత అట్లు పలికించినాడు.

ఈ సామ్యమును అతిగా సాగదీయరాదు. వరూధిని అపవాది కాదు. ఆమె ప్రేమించిన స్త్రీ. ఆమె దుఃఖమున పెద్దన మనకు సానుభూతి కలిగించినాడు. తరువాత మోసపోయినదియు ఆమెయే. నాయకుల నడుమ భేదము ఇంకను గమనింపదగినది. ప్రవరుడు ఆ వాక్యమునకు సందర్భము చూపి జయింపలేదు. నిత్యకర్మనిష్ఠయే అతనికి ఆధారము. ఆ నిష్ఠను సాక్షిగా నిలిపి, నేను ధర్మపరుడనే యైనచో ప్రొద్దు గ్రుంకకముందు నన్నిల్లు చేర్పుమని అగ్నిని వేడును. అగ్ని అతని దేహమున ప్రవేశించి సాయపడును. ఇది మన సంప్రదాయములోని సత్యశపథము. ఇందలి ‘ఐనచో’ అను పదము నాయకునిది. సువార్తలోను, మిల్టనులోను ఆ పదము శోధకునిది: నీవు దేవుని కుమారుడవైనచో దుముకుము. ప్రవరుడు ఋజువు కోరి అద్భుతమును పొందెను. యేసు ఋజువు కోరుటయే శోధనయని అద్భుతమును నిరాకరించెను. ఒకచోట విశ్వాసమునకు నిదర్శనమైనది మరియొకచోట అవిశ్వాసమునకు గుర్తగుట రెండు సంప్రదాయముల స్వభావభేదమును తెలుపుచున్నది. ఇందు ఏది హెచ్చు, ఏది తగ్గు అను విచారము అప్రస్తుతము.

మన ప్రతిపాదనకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది అగస్టీను వృత్తాంతము. 386లో మిలానునగరపు తోటలో, తీసి చదువుమను పిల్లవాని పలుకు విని, అతడు పౌలు పత్రికలను తెరచి కంటబడిన రోమీయుల పత్రికా వాక్యము నొక్కటి చదివెను. ముందునకు చదువ నవసరము లేకపోయెనని అతడే తన ఆత్మచరిత్రమున వ్రాసెను. ప్రకరణము లేని ఒక్క వాక్యమే అతని చిరకాల ప్రలోభమును త్రెంచినదిగదా! కాని ఆ క్షణమునకు ముందు అతడు అంబ్రోసు ప్రసంగములను వినియున్నాడు, పౌలును చదివియున్నాడు, సన్న్యాసియైన ఆంథొని కథ విని కలతపడియున్నాడు. ఆ వాక్యము అతనికి అనుకూలమైన మార్గము చూపలేదు. అతడు విడువజాలనిదానిని విడువుమన్నది. శోధకుడు ఏరుకొను వాక్యము సదా వినువాని కోరికకు తోడువచ్చును. ఈ భేదమొక గుర్తుగా నుంచుకొనవచ్చును.

రెండవ ఆక్షేపణ ఇంకను బలీయము. అర్థనిర్ణయమే రక్షయైనచో, చదువురాని భక్తుని గతియేమి? ఇందులకు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయమున సమాధానము దొరకును. అక్కడ పౌలు ఇశ్రాయేలీయుల అరణ్యకథను క్రమముగా చెప్పి, అది మనకు బుద్ధికలుగుటకై వ్రాయబడినదనును; నిలుచుచున్నానని తలంచువాడు పడకుండ చూచుకొనవలెననును; ఆ పిమ్మటనే, సహింపశక్యము కాని శోధనను దేవుడు రానీయడని ధైర్యము చెప్పును. కథను మొదటినుండి తుదవరకు విని, దానిని తన కథగా గ్రహించుట అక్షరజ్ఞానము లేనివానికిని సాధ్యమే. యేసు చేసినదియు అంతియే. ఆయన నేర్పిన ప్రార్థనయందు శోధనను జయింపనిమ్మను వీరవచనము లేదు, శోధనలోనికి తేవలదను వినయమున్నది. తన పాండిత్యమే తన్ను కాపాడునని తలంచు చదువరికి ఈ వినయము మరింత అవసరము.

తెలుగున క్రైస్తవేతివృత్తముతో వెలసిన రచనలు విమర్శకు కొత్తవి కావు. జాషువా కవి క్రీస్తుచరిత్ర 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. ఐనను శోధనఘట్టమును మన విమర్శకులు నీతిబోధగానే చూచి విడుచుటకు అలవాటుపడినారు. దానిని వ్యాఖ్యానసంవాదముగా పరిశీలించినచో, మన కావ్యములలోని ప్రలోభఘట్టములను గూడ క్రొత్తగా చదువుటకు దారి యేర్పడును. ప్రలోభించువారు ఏ ప్రమాణమును తెచ్చుచున్నారు, అందేమి విడుచుచున్నారు, కవి ఆ లోపమును చదువరికి విడిచిపెట్టినాడా, నాయకునిచేత చెప్పించినాడా అను ప్రశ్నలు అన్నిటికిని వర్తించును. పరిశోధకవిద్యార్థులు ఇందు పూనుకొనదగును. ఇతరుల గ్రంథములనుండి వాక్యముల నుదాహరించుట మన నిత్యకృత్యము. విడువబడిన పదమునకై మూలమును తెరచి చూచు అలవాటు ఆ పనికి మొదటి సాధనము.